బొమ్మతో పాటు కొలత కూడా ఇద్దాం

ఇంట్లో మనం బొంగరం అంటాం, బడిలో బుగురి అని నేర్చుకున్నాం. ఇంట్లో బిళ్లంగోడు, బడిలో చిన్నిదాండు. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపుర పక్క పుట్టిన మనకు ఒక్కో చెక్కబొమ్మకు రెండేసి పేర్లున్నాయి. కానీ ఆ బొమ్మ చేసే కొలత మాత్రం ఏ భాషలోనూ రాసి లేదు. అది ఊళ్లో ఆచారి చేతిలో ఉంటుంది. తలుపు చేయగా మిగిలిన ముక్క తీసుకుని, కంటితోనే అంచనా కట్టి ఆయన బండి చేసిచ్చేస్తాడు. ఆయన పిల్లలు బెంగుళూరుకు వేరే పనికి పోతే ఆ కొలత అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ దాచిపెట్టలేదు, ఎవరూ రాయలేదు, అంతే.

రాసి, గీసి, పదిమందికి ఊరికే ఇచ్చే కొలతల కాగితాన్నే నమూనా అంటున్నాం. మంచి నమూనాకు పరీక్ష ఒక్కటే. ఆ బొమ్మను ఎప్పుడూ చూడని మనిషి, మనల్ని ఏమీ అడక్కుండా, ఆ కాగితం చూసి బొమ్మ చేయగలగాలి. "చక్రం కొంచెం పెద్దదిగా ఉండాలి" అని రాస్తే చాలదు. ఎంత పెద్దది? మన ఆచారులు అంగుళాల్లో, సూత్‌లలో చెప్తారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాసి, పక్కన మిల్లీమీటర్లు కూడా వేస్తే ఎవరికైనా పనికొస్తుంది.

ఇలా పంచిపెట్టడం మన దేశంలో కొత్తేమీ కాదు. కాన్పూర్ ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో పిల్లలకు ఆకారాలు కట్టడం నేర్పారు. తన పుస్తకాలను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టారు. వాటిలో కొన్ని తెలుగులోకీ వచ్చాయి. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో పాఠాలు చెప్పిన సుదర్శన్ ఖన్నా ఊళ్లలో పిల్లలు ఆడుకునే బొమ్మలను సేకరించి, ఎలా చేయాలో బొమ్మలు గీసి మరీ చూపించారు. నేషనల్ బుక్ ట్రస్ట్ ఆయన పుస్తకాన్ని అచ్చేసింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఊరికే పంచితే బొమ్మలు చేసి బతికేవాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా? ఏది అందరిదో, ఏది ఒకరి కష్టమో తెలుసుకుంటే ఆ తప్పు జరగదు. బొంగరం, గిలక్కాయ, తోపుడు బండి తరతరాలుగా అందరివీ. అదే చన్నపట్నం, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. మనం ఇంట్లో చేసిన దాన్ని "చన్నపట్నం బొమ్మ" అని చెప్పుకోకూడదు. ఒక కళాకారుడు కొత్తగా ఊహించి చేసిన బొమ్మను కొనుక్కొచ్చి, కాగితం మీద పెట్టి గీసి పంచడం కూడా న్యాయం కాదు. మనం పంచాల్సింది మన ఊళ్లో అందరూ ఆడుకున్న బొమ్మల్ని.

మాట వరసకు కాకుండా ఒక నమూనా ఇస్తున్నాం. ఇది నాలుగు చక్రాల తోపుడు బండి.

ఒళ్లు: 15 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. మందం ఉన్న చెక్క.
చక్రాలు: నాలుగు. అడ్డంగా 5 సెం.మీ., మందం 1.5 సెం.మీ. సరిగ్గా నడిమధ్య 8 మి.మీ. రంధ్రం.
ఇరుసులు: రెండు. 8 మి.మీ. లావు గుండ్రటి కర్ర, ఒక్కోటి 9.4 సెం.మీ. పొడవు.
ఒంట్లో రంధ్రాలు: రెండు చివర్ల నుంచి 3 సెం.మీ. లోపలికి, అడుగు నుంచి 1 సెం.మీ. పైకి గుర్తు పెట్టి, ఈ పక్క నుంచి ఆ పక్కకు 9 మి.మీ. రంధ్రం వేయాలి.

ఒంట్లో రంధ్రం 9, ఇరుసు 8 ఎందుకు? ఆ ఒక్క మిల్లీమీటరు ఖాళీ వల్లే ఇరుసు తిరుగుతుంది. చక్రంలో మాత్రం ఇరుసు బిగుతుగా కూర్చోవాలి, అక్కడ జిగురు పెట్టాలి. చక్రానికీ ఒంటికీ మధ్య రెండు పక్కలా 2 మి.మీ. సందు వదలాలి. ఇరుసు పొడవులో ఆ సందు లెక్క కూడా కలిసే ఉంది. జిగురు ఒంటి రంధ్రంలోకి పోయిందంటే బండి కదలదు. రంపంతో కోయడం, రంధ్రాలు వేయడం ఆచారి చేతనో, తెలిసిన పెద్దవాళ్ల చేతనో చేయించుకోండి. గరుకు కాగితంతో రుద్దడం, బిగించడం మనం చేసుకోవచ్చు.

ఏ చెక్క? చన్నపట్నంలో "హాలె మర" అన్నా, ఏటికొప్పాకలో "అంకుడు కర్ర" అన్నా చెట్టు ఒకటే. మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది. అది దొరక్కపోతే బాగా ఎండిన మామిడి, వేప ముక్కలు చాలు. శిడ్లఘట్ట, చింతామణి పక్క పొయ్యిలోకి పోయే మల్బరీ కట్టెలో లావు ముక్క దొరికితే ఇరుసుకు చెక్కుకోవచ్చు. గన్నేరు కర్ర మాత్రం వద్దే వద్దు, అది విషం.

అన్నిటికంటే ముఖ్యం పసిపిల్లల జాగ్రత్త. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు కింద నమోదైన కళాకారులకూ, హస్తకళల శాఖలో నమోదైన వాళ్లకూ మినహాయింపు ఉంది. మనం ఇంట్లో తమ్ముడికో, అక్క కూతురికో చేసే బండిని ఏ అధికారీ చూడడు. కాబట్టి చూసుకోవాల్సింది మనమే. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను సుమారు 32 మి.మీ. అడ్డకొలత ఉన్న చిన్న గొట్టంతో పరీక్షిస్తారు. ఏ ముక్కయినా అందులో పూర్తిగా పట్టిందంటే అది గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉన్నట్టు. పది రూపాయల బిళ్ల 27 మి.మీ. ఉంటుంది, ఆ గొట్టం దానికంటే కొంచెమే పెద్దదనుకోండి. మన చక్రాన్ని 5 సెం.మీ. పెట్టింది అందుకే. చక్రం చిన్నదైతే ముద్దుగా ఉంటుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మేకులు వద్దు, మెడకు చుట్టుకునే పొడుగు తాడూ వద్దు. ఇంట్లో మిగిలిన పాత పెయింటు అసలే వద్దు, అందులో సీసం ఉండొచ్చు. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు ఆకులు, గింజల నుంచి తీసిన రంగులనే మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంత పని మనకు చేతకాకపోతే రంగు లేకుండానే వదిలేద్దాం. నున్నగా రుద్దిన చెక్కే అందం.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు తాతనో, ఆచారి మామనో ఒక్క బొమ్మ అడగండి. స్కేలు పెట్టి కొలవండి. అర తావు మీద బొమ్మ గీసి, రెండు భాషల్లో పేరు, కొలతలు, చెక్క పేరు, ఎన్నేళ్ల పిల్లలకో రాయండి. నేర్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరూ ఊరూ రాయండి. ఈ గోడపత్రిక కింద ఖాళీ వదిలాం, అక్కడ అంటించండి. ఎవరికి కావాలన్నా ఫోన్‌లో ఫోటో తీసుకుని పోవచ్చు. చేసిన వాళ్లు వచ్చి ఏ కొలత కుదరలేదో దాని పక్కనే రాయాలి. అలా దిద్దుకున్నప్పుడే అది అందరి నమూనా అవుతుంది.