వరంగల్ సుబా నుంచి విశాఖ రేవు దాకా: నౌకాయుద్ధ పతకాల విశేషాలు

మీకు తెలుసా? సముద్రానికి ఎంతో దూరాన ఉన్న వరంగల్‌ను సుబాగా ఏలిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరున రెండో ప్రపంచ యుద్ధంలో ఒక డిస్ట్రాయర్ పోరాడింది! ఆ ఓడ పేరే ‘నిజాం’. స్కాట్లాండ్‌లో కట్టి 1940లో నీళ్లలోకి దించారు. నడిపింది మాత్రం ఆస్ట్రేలియా నావికులు. 1941లో క్రీట్ దీవి నుంచి సైనికులను తరలించింది. 1945లో జపాన్ లొంగుబాటు వేళ టోక్యో అఖాతంలో ఉంది. యుద్ధానికి నిజాం ధారాళంగా డబ్బిచ్చారు. ఆ ఖజానాలో ఓరుగల్లు రైతు కట్టిన శిస్తూ ఉంది కాబట్టి, ఈ ఓడ కథ మనదీ అనే అంటాను.

‘నిజాం’ నావికుల్లా మధ్యధరా సముద్రంలో పోరాడినవారికి ఇచ్చిన ‘ఆఫ్రికా స్టార్’ పతకం రిబ్బనుది ఇసుక రంగు. దానిపై ముదురు నీలం చార నౌకాదళానికి గుర్తు. బ్రిటన్ తన సైనికులకు ఈ స్టార్లను పేరు చెక్కకుండానే ఇచ్చింది. ఆస్ట్రేలియా, భారత్ మాత్రం పేర్లు చెక్కించి ఇచ్చాయి. ఎంత మంచి పని!

మన తీరంలోనే జరిగిన ఒక పోరుకూ పతకం ఉంది. 1804 సెప్టెంబరులో విశాఖపట్నం రేవులో 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక ‘సెంచూరియన్’ రెండు సరుకు ఓడలకు కాపలాగా నిలిచి ఉంది. ఫ్రెంచి సేనాని లినోయ్ 74 ఫిరంగుల ‘మరెంగో’తో, మరో రెండు ఫ్రిగేట్లతో మీదపడ్డాడు. సెంచూరియన్ కెప్టెన్ లిండ్ అప్పటికి ఒడ్డునే ఉన్నాడు. పోరు మొదలుపెట్టింది లెఫ్టినెంట్ ఫిలిప్స్. సరుకు ఓడల్లో ‘బార్నబీ’ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది, ‘ప్రిన్సెస్ షార్లట్’ ఫ్రెంచివారికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. దీనికి గుర్తింపు వచ్చింది 43 ఏళ్ల తర్వాత, 1847లో! అదీ బతికున్నవారు దరఖాస్తు పెట్టుకుంటేనే. అప్పటి ఇరవై ఏళ్ల కుర్రాడికి పతకం నాటికి అరవై దాటాయి. ఆ వెండి బిళ్లపై ఒకవైపు విక్టోరియా రాణి, మరోవైపు సముద్రాశ్వంపై కూర్చున్న బ్రిటానియా. రిబ్బనుపై అమర్చిన పట్టీ మీద ‘సెప్టెంబర్ 18’ అని ఉంటుంది. కొన్ని చరిత్ర పుస్తకాలు 15 అంటాయి.

ఇక సిపాయీల సంగతి. తెలుగువారూ ఉన్న మద్రాసు సైన్యం ఓడలెక్కి వెళ్లి 1824లో రంగూన్ పట్టుకుంది. ఆ బర్మా యుద్ధానికి ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన పతకంపై సింహం ముందు మోకరిల్లిన తెల్ల ఏనుగు ఉంటుంది. సిపాయీలకు వెండిది, దేశీ అధికారులకు వెండిపై బంగారు పూత పూసింది. అదే యుద్ధం చేసిన తెల్ల సైనికులు గుర్తింపు కోసం 1851 దాకా ఆగాల్సి వచ్చింది.