పరిశోధన సామగ్రి భద్రత: ఇంటి కంప్యూటర్‌లో హార్డ్ డిస్కుల అమరిక

క్షేత్రపర్యటనలో సేకరించిన జానపద గేయాల ధ్వనిముద్రణలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు నేడు ఎక్కువగా పరిశోధకుల ఇంటి కంప్యూటర్‌లలోనే ఉంటున్నాయి. పాడిన కళాకారులు గతించాక ఆ ధ్వనిముద్రణను మళ్ళీ చేయడం అసాధ్యం. కనుక హార్డ్ డిస్కుల అమరిక కూడా పరిశోధన పద్ధతిలో భాగమే.

నిల్వ వేరు, బ్యాకప్ వేరు. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్‌లు తమ పత్రంలో వివరించిన రెయిడ్ విధానాలలో మొదటి స్థాయి, ఒకే సమాచారాన్ని రెండు డిస్కులలో ఏకకాలంలో నమోదు చేస్తుంది. ఒక డిస్కు చెడినా పని ఆగదు. అయితే పొరపాటున తొలగించిన ఫైలు రెండింటి నుండీ ఒకేసారి పోతుంది. కాబట్టి దానిని బ్యాకప్‌గా పరిగణించరాదు.

బ్యాకప్‌కు 3-2-1 సూత్రం ప్రసిద్ధం. మూలంతో కలిపి 3 ప్రతులు, 2 రకాల మాధ్యమాలు, ఇంటికి వెలుపల 1 ప్రతి ఉండాలి. కంప్యూటర్‌లోని డిస్కులో మూలాన్ని, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో రెండవ ప్రతిని, క్లౌడ్‌లో మూడవ ప్రతిని ఉంచవచ్చు. నకలు పూర్తికాగానే ఎక్స్‌టర్నల్ డిస్కును కంప్యూటర్ నుండి వేరుచేస్తే, వైరస్ సోకినా ఆ ప్రతి సురక్షితం. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో 4 జీబీ మించిన ఒక్క ఫైలు ఇమడదు; దీర్ఘమైన వీడియోలకు ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ తగినవి.

ప్రతులను అప్పుడప్పుడు తెరచి సరిచూడాలి. అవసరమైన రోజున తెరచుకోని ప్రతి లేనిదానితో సమానం.