మన ఊళ్ళ కథలు రాయించిన స్కాట్లండు దొర
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మా అమ్మాయి డిగ్రీలో చరిత్ర చదువుతోంది. మొన్న వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నాయనమ్మ వాళ్ళ ఊరికి ఆ పేరెలా వచ్చింది?" అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. ఆ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, గుడి ఎవరు కట్టించారో మా అత్తగారికి కంఠోపాఠం. ఆవిడ చెబుతున్నప్పుడు నా ధ్యాసంతా కుక్కరు కూత మీద ఉండేది. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేరు.

"కైఫీయతుల గురించి చదివితే తెలుస్తుందేమో, పద" అంటూ అమ్మాయి నన్ను గాంధీనగర్ నుంచి చిక్కడపల్లి లైబ్రరీకి నడిపించింది. అలా చదివి తెలుసుకున్నవే ఇవాళ మీతో చెబుతున్నాను.

కైఫీయతు అంటే ఒక ఊరి వృత్తాంతం. ఊరికి పేరెలా వచ్చింది, ఏ రాజులు ఏలారు, గుడికి మాన్యాలు ఎవరిచ్చారు అన్నీ అందులో ఉంటాయి. రెండు వందల ఏళ్ళ కిందట వీటిని రాయించినవాడు కాలిన్ మెకంజీ అనే దొర. స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో స్టోర్నోవే అనే రేవు పట్నం ఆయన సొంత ఊరు. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. మన నిజాం రాజ్యాన్ని కూడా కొలిచి పటం గీశాడు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

కంపెనీకి కావలసింది శిస్తు లెక్కలు. మెకంజీకి మాత్రం భూమి కొలతతో తృప్తి తీరలేదు. ఆ భూమి మీద బతికినవాళ్ళ కథ కూడా కావాలన్నాడు. 1816లో అమరావతి శిల్పాలకు దగ్గరుండి బొమ్మలు గీయించాడు. తర్వాత ఆ రాళ్ళలో ఎన్నో కనబడకుండా పోయాయి. వాటికి ఇప్పుడు ఆ బొమ్మలే సాక్ష్యం.

అయితే ఆయనకు మన భాషలు రావు. మరి ఊరూరా తిరిగి అడిగిందెవరు? మన ఏలూరు వాళ్ళు, కావలి సోదరులు! వారిలో వెంకట బొర్రయ్య శాసనాలు చదవడంలో దిట్ట. చిన్న వయసులోనే 1803లో పోయాడు. ఆ పనిని తమ్ముడు లక్ష్మయ్య భుజాన వేసుకున్నాడు. మరో తమ్ముడు రామస్వామి దక్కను కవుల చరిత్రలను ఇంగ్లీషులో రాసి 1829లో అచ్చు వేయించాడు.

1821లో మెకంజీ కలకత్తా దగ్గర కన్నుమూశాడు. ఆయన సేకరణను కంపెనీవారు ఆయన భార్య దగ్గర పదివేల పౌన్లకు కొన్నారు. అది లండను, కలకత్తా, మద్రాసుల మధ్య చెల్లాచెదురైంది. మద్రాసు చేరిన వాటినుంచే మన కైఫీయతులు కొన్ని తర్వాత తెలుగులో పుస్తకాలుగా వచ్చాయి.

స్కాట్లండు చిన్న దేశం. బతుకుతెరువు వెతుక్కుంటూ అక్కడివాళ్ళు కెనడాకు, న్యూజిలాండుకు, మన దేశానికి వెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళు అక్కడ ఏం చేశారన్నది ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఒక చదువు. ఎడిన్‌బరోలో, కెనడాలోని గెల్ఫ్‌లో, న్యూజిలాండులోని ఒటాగోలో ఈ పరిశోధన జరిగింది. 2017లో స్టోర్నోవేలో మెకంజీ సేకరణతో పెద్ద ప్రదర్శన కూడా పెట్టారు. రెండు వందల ఏళ్ళయినా తమ ఊరి పిల్లవాణ్ణి వాళ్ళు మరిచిపోలేదు.

మరి మన బొర్రయ్యను మనం తలుచుకుంటున్నామా? ఏలూరు మీదుగా రైల్లో ఎన్నిసార్లు వెళ్ళి ఉంటాం! దొర పేరు చెప్పుకోవలసిందే. ఎండలో నడిచి, పెద్దలను అడిగి, రాసుకొచ్చిన మనవాళ్ళ పేర్లూ దాని పక్కన ఉండాలి కదా!

ఇంకో మాట. కావలి సోదరులు ఎక్కువగా అడిగింది కరణాలను, పూజారులను, ఊరిపెద్దలను. ఆడవాళ్ళకు తెలిసిన సంగతులు వాటిలో బహు తక్కువ. ఏ కరువుకు ఎవరు ఊరు వదిలారు, పురిటికి ఏ బండిమీద వచ్చారు, ఏ నోముకు ఏ పాట పాడేవారు, ఇవన్నీ అత్తగార్ల నోళ్ళలోనే ఉన్నాయి. అవి రాయడానికి ఏ దొరా రాడు. మనమే రాయాలి.

పెద్ద చదువులు అక్కరలేదు, నేనూ మెట్రిక్ వరకే చదివాను. పాల లెక్క రాసే నోటుబుక్కులో వెనక పేజీలు చాలు. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పైన వేయండి. విన్నది విన్నట్టు రాయండి. తెలియనిది కల్పించవద్దు.

నాకు అడగడానికి అత్తగారు లేరు. అందుకే వచ్చే ఆదివారం అశోక్‌నగర్‌లో ఉన్న మా పిన్నత్తగారింటికి వెళుతున్నాను, నోటుబుక్కు పట్టుకుని. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ సాయంత్రమే స్టవ్వు కట్టేసి పక్కన కూర్చోండి.

సెలవు.