‘పేషెంట్ తాలూకు ఎవరు?’ అని పిలిచి సంతకం పెట్టమంటే.. ఆపరేషన్ పత్రం గురించి మీకు తెలియాల్సినవి

కపిలేశ్వరపురంలో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి వెళ్తారు? రామచంద్రపురం మీదుగా కాకినాడ ప్రభుత్వాసుపత్రికి, లేదంటే రాజమహేంద్రవరానికి. గోదావరి దాటితే అమలాపురంలో కిమ్స్ ఉంది. ఈ మూడు ఊళ్లలోనూ వైద్య కళాశాలలు ఉన్నాయి. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నాటిది. రాజమహేంద్రవరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది.

కళాశాల ఉన్న ఆసుపత్రిని బోధనాసుపత్రి అంటారు. అక్కడ వైద్యం చేస్తూనే వైద్యం నేర్పుతారు. అన్ని విభాగాల నిపుణులూ ఒకేచోట దొరకడం దీనివల్ల వచ్చే పెద్ద మేలు. చిక్కు కూడా ఇక్కడే ఉంది. మంచం దగ్గరికి రోజుకు పది మంది వస్తారు, ఎవరిని ఏం అడగాలో తెలియదు. ‘పేషెంట్ తాలూకు ఎవరు?’ అని పిలుపు రాగానే కొడుకో అల్లుడో పరుగెత్తి, చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేస్తారు.

అసలు ఆ సంతకం ఎవరు పెట్టాలి?

ఆపరేషన్ ఎవరికో వారే పెట్టాలి. స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగలిగే పెద్దవారి తరఫున ఇంకొకరు ఒప్పుకుంటే అది చాలదు. పిల్లలకైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు పెడతారు. బంధువుల సంతకం సాక్షిగా తీసుకోవచ్చు గానీ, రోగి సంతకానికి బదులుగా కాదు.

దీనిపై సుప్రీంకోర్టు 2008 జనవరిలో స్పష్టమైన తీర్పు ఇచ్చింది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత కడుపులో సమస్య ఏమిటో తెలుసుకునేందుకు లాప్రోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు అనుమతి కాదని, ప్రాణాపాయం లేనప్పుడు ఆమె స్పృహలోకి వచ్చేదాకా ఆగాల్సిందని కోర్టు చెప్పింది. డాక్టర్ ఫీజు రద్దు చేసి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. పరిహారం చిన్నదే అనిపించవచ్చు. కానీ ‘నా శరీరం మీద నిర్ణయం నాది’ అన్న మాటకు ఈ తీర్పుతో చట్టబలం దొరికింది.

మన రాష్ట్రంలో ఈ కేసును కాస్త ఎక్కువగానే గుర్తుపెట్టుకోవాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అందులో అవసరమై చేసినవెన్నో ఉంటాయి. అయినా ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు’ అన్న ఒక్క మాటతో సంతకం పెట్టకండి. మందులతో తగ్గే అవకాశం ఉందేమో అడగండి.

సంతకానికి ముందు ఏం చెప్పించుకోవాలి?

అదే తీర్పులో దీనికీ జవాబు ఉంది. ఏ ఆపరేషన్, ఎందుకు, దానివల్ల లాభం ఏమిటి, వేరే మార్గం ఉందా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది.. ఇవి రోగికి తెలియాలి. లక్షలో ఒకరికి వచ్చే ఇబ్బంది కూడా చెప్పితీరాలని కోర్టు అనలేదు.

ఉదాహరణకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు చిన్న రంధ్రాలతో మొదలుపెట్టిన ఆపరేషన్, లోపలి పరిస్థితిని బట్టి కడుపు కోసి చేయాల్సి రావచ్చు. ఈ సంగతి ముందే చెప్పి పత్రంలో రాస్తే, కుట్లు చూసి కంగారు పడే పని ఉండదు. వరిబీజానికి చేసేటప్పుడు నడుముకు మత్తు ఇస్తారా, పూర్తి మత్తు ఇస్తారా అన్నదీ అడగాల్సిన విషయమే. ‘24 గంటల కడుపునొప్పి’ అని మనం పిలిచే అపెండిసైటిస్ లాంటి అత్యవసరాల్లో సమయం తక్కువ. అప్పుడు కూడా రెండు నిమిషాల వివరణ అడగవచ్చు. రోగి స్పృహలో లేక, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం సంతకం కోసం వైద్యం ఆగదు.

పత్రం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. ఖాళీలు వదిలేసిన కాగితం మీద సంతకం వద్దు. వేలిముద్ర వేసేవారికైతే చదివి వినిపించాలి.

తెల్లకోటు వేసుకున్న వారందరూ ఒకటేనా?

కాదు. హౌస్ సర్జన్ అంటే ఎంబీబీఎస్ చదువు అయ్యాక ఏడాదిపాటు అన్ని విభాగాల్లో పనిచేసే డాక్టర్. పీజీ అంటే ఎంబీబీఎస్ పూర్తిచేసి మూడేళ్ల సర్జరీ కోర్సులో ఉన్నవారు. వారిపైన సీనియర్ రెసిడెంట్, అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, యూనిట్ చీఫ్‌గా ప్రొఫెసర్ ఉంటారు. పత్రం తెచ్చేది తరచూ హౌస్ సర్జనే. మీ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేకపోతే ‘ఆపరేషన్ చేసే డాక్టరుతో ఒకసారి మాట్లాడించండి’ అనండి. ‘చేసేటప్పుడు సీనియర్ పక్కన ఉంటారా?’ అని అడగడం తప్పేమీ కాదు.

ఇంకో మాట. ఒక్కో యూనిట్‌కు ఓపీ రోజులు, ఆపరేషన్ రోజులు వేరుగా ఉంటాయి. మీ చీటీ మీద యూనిట్ నంబరు, రావాల్సిన వారం చూసుకోండి. వేరే రోజు వెళ్తే ఆ రోజు కూలీ, బస్సు ఖర్చులు పోయినట్టే.

విద్యార్థులు గుంపుగా వచ్చి పరీక్షిస్తామంటే మీకు ఇబ్బందిగా ఉంటే వద్దని చెప్పవచ్చు. అందువల్ల వైద్యం ఆపకూడదు. మహిళను మగ డాక్టర్ పరీక్షించేటప్పుడు మరో మహిళ పక్కన ఉండాలని అడగవచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇది ఉంది.

ముందురోజు రాత్రి ‘ఏమీ తినొద్దు’ ఎందుకంటారు?

మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. సాధారణంగా తేలికపాటి ఆహారం ఆపరేషన్‌కు కనీసం 6 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లకు 2 గంటలు. టీ నీళ్లలాంటిదే కదా అనుకుంటారు గానీ అందులో పాలున్నాయి, కాబట్టి అదీ 6 గంటల లెక్కలోకే వస్తుంది. మీ మత్తు డాక్టర్ వేరే సమయం చెబితే అదే పాటించండి.

వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసి తీసుకెళ్లండి. బీపీ, షుగర్ మాత్రలు, రక్తం పలుచబడేందుకు వాడేవి ఉంటే మత్తు డాక్టరుకు చూపించాలి. స్టెంట్ ఉన్నవారు ఎవరో చెప్పారని మాత్రలు సొంతంగా ఆపేయడం ప్రమాదం.

ఇక థియేటర్‌లో మీ పేరు, ఏ ఆపరేషన్, కుడివైపా ఎడమవైపా అని పదేపదే అడిగితే విసుక్కోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల జాబితాలో ఇది భాగం. ఢిల్లీ సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూస్తే ఆపరేషన్ మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. కానీ మన ఇళ్లలో ఆపరేషన్ అయిన వారికి నెలల తరబడి కారప్పొడి, చారు మెతుకులే పథ్యం. పప్పు, గుడ్డు, చేప అన్నీ బంద్. గాయం మానాలంటే కావాల్సిన ప్రోటీన్లు ఉండేది వాటిలోనే. పేగులకో, గాల్‌బ్లాడర్‌కో ఆపరేషన్ అయితే కొన్నాళ్లు ప్రత్యేక ఆహారం చెప్పవచ్చు. అది డాక్టర్ చెప్పిన పథ్యం, దాన్ని పాటించండి. పక్కింటి పెద్దమ్మ మాట నొప్పించకుండా దాటేయడం మీ నేర్పు! గుడ్డు తినవచ్చా అని డిశ్చార్జ్ రోజున, వంట చేసేవారిని పక్కన పెట్టుకుని మరీ అడగండి.

గాయం చుట్టూ ఎర్రబడి వాపు పెరగడం, చీము కారడం, చలిజ్వరం, ఆగని వాంతులు, ఒక కాలు ఉబ్బి నొప్పి పుట్టడం.. వీటిలో ఏది కనిపించినా చెప్పిన తేదీ దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

డిశ్చార్జ్ కాగితం ఎలా చదవాలి?

1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. కుట్లు తీసే తేదీ, మళ్లీ రావాల్సిన రోజు, ఎన్నాళ్లు బరువులెత్తకూడదో అందులో ఉన్నాయో లేదో మంచం దిగకముందే చూసుకోండి. తీసిన భాగాన్ని బయాప్సీకి పంపితే ఆ రిపోర్ట్ తర్వాత వస్తుంది. దాన్ని తీసుకోవడం చాలామంది మరిచిపోతారు.

కేస్ షీట్ నకలు కావాలంటే రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేరినవారి దగ్గర డబ్బు అడిగితే ముందు ఆసుపత్రిలోని వైద్యమిత్రకు చెప్పండి, అక్కడ తేలకపోతే 104కు ఫోన్ చేయండి.