పంటి పోటు

శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అత్త, ఒక కోడలు. అత్తకు మూడు రోజులుగా పంటి పోటు. దవడ వాచింది. గంజి కూడా మింగలేకపోతోంది. రాత్రిళ్ళు నిద్ర లేదు.

మొదటి రోజు అత్త పంటి గుంటలో పొగాకు ముక్క కుక్కుకుంది. రెండో రోజు దుకాణంలో తలనొప్పి బిళ్ళ కొంది. దాన్ని నలిపి చిగురు మీద పెట్టుకుంది. నొప్పి తగ్గలేదు సరికదా, చిగురు కాలి తెల్లగా పొక్కింది. మూడో రోజు వీధిలోకి పంటి పురుగులు తీసేవాడు వచ్చాడు. అత్త వాడిని పిలవబోయింది. కోడలు అడ్డుపడింది.

"పంట్లో పురుగు ఉండదు అత్తా. వాడు చూపించే పురుగు వాడి సంచిలోదే."

"మరి పన్ను ఎందుకు పుచ్చిందే?" అంది అత్త.

మంచి ప్రశ్నే. మన నోట్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న తీపి వాటికీ తిండే. ఆ తీపిని తిని అవి పులుపు పుట్టిస్తాయి. పాలు పులిసి పెరుగు అవుతాయి కదా, అలాగే. ఆ పులుపు పంటి పైపొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఈ పైపొరను పింగాణి పొర అంటారు. ఇది ఎముక కంటే గట్టిది. కానీ ఒకసారి గుంట పడితే మళ్ళీ పూడదు.

మొదట నల్లచుక్క కనిపిస్తుంది. నొప్పి ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. తరువాత చల్లనీళ్ళు తాగితే పన్ను జివ్వుమంటుంది. గుంట లోపలి నరం దాకా పోతే పోటు మొదలవుతుంది. ఆపైన వేరు కింద చీము పడుతుంది. దవడ వాస్తుంది.

నల్లచుక్క ఉన్నప్పుడే వెళితే డాక్టరు గుంటను శుభ్రం చేసి సిమెంటు నింపుతారు. నరం దాకా పోతే వేరుకు వైద్యం చేయాలి. లేదా పన్ను తీసేయాలి. ఆలస్యం చేసేకొద్దీ బాధా పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

ఆసుపత్రికి వెళ్ళేదాకా గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. దూదికి లవంగ నూనె అద్ది గుంటలో పెట్టుకోవచ్చు. పొగాకు, కిరసనాయిలు పెట్టకూడదు. బిళ్ళ మింగడానికే, చిగురుకు రాయడానికి కాదు. వాపుతోపాటు జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా ఒక్క పూట కూడా ఆగకూడదు.

"పన్ను పీకిస్తే కళ్ళు పోతాయంట గదే!" అని అత్త భయపడింది.

ఈ భయం చాలామందికి ఉంది. పంటి నరం వేరు. చూపు నరం వేరు. పెద్ద వయసులో పళ్ళూ ఊడతాయి, చూపూ తగ్గుతుంది. రెండూ ఒకే కాలంలో జరుగుతాయి కాబట్టి దానికీ దీనికీ ముడిపెట్టారు.

చివరికి ఇద్దరూ బస్సెక్కి పెద్దాసుపత్రికి పోయారు. పళ్ళ డాక్టరమ్మ పన్ను చూసి ఊరుకోలేదు. టార్చి లైటు వేసి అంగిలి కూడా చూసింది. అంగిలి తెల్లగా, మందంగా ఉంది. మధ్యమధ్య ఎర్రని చుక్కలు ఉన్నాయి.

"పెద్దమ్మా, చుట్ట తాగుతావా?"

"తాగుతానమ్మా."

"అడ్డపొగా?"

అత్త తల వంచుకుంది.

చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకొని తాగడాన్ని అడ్డపొగ అంటారు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకు ఇది పాత అలవాటు. ఇలా తాగితే గాలికి చుట్ట ఆరిపోదు. బూడిద మీద రాలదు. చేతులతో పని చేసుకోవచ్చు. పెద్దల కంట పడదు. అలవాటు పడడానికి కారణాలు లేకపోలేదు. కానీ నిప్పు సెగ, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబడుతుంది. ఏళ్ళ తరబడి తాగితే పుండు పడి క్యాన్సరు కావచ్చు. నోటి క్యాన్సరు ఎక్కువగా చెంపలకు, నాలుకకు వస్తుంది. అడ్డపొగ తాగేవాళ్ళకు అంగిలికి వస్తుంది. మొదట్లో నొప్పి ఉండదు. మన అంగిలి మనకు కనిపించదు. అదే చిక్కు.

గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ కూడా ఇంతే. పొగాకు కలపని వక్క కూడా మంచిది కాదు. వక్క ఎక్కువగా నమిలితే చెంపలు బిగుసుకుపోతాయి. మూడు వేళ్ళు నిలువుగా కలిపి నోట్లో పెట్టి చూసుకోవాలి. అవి పట్టకపోతే డాక్టరుకు చూపించాలి. రెండు వారాలైనా మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డ ఉన్నా చూపించాలి.

డాక్టరమ్మ ముందు వాపు తగ్గడానికి మందు ఇచ్చింది. తరువాత పన్ను తీసింది. అంగిలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చేదాకా కోడలికి అన్నం సయించలేదు. అత్త మాత్రం పైకి ఏమీ అనలేదు. క్యాన్సరు లేదని తేలింది. అయినా చుట్ట మానకపోతే ముందుముందు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది.

"చిన్నప్పటి నుంచి తాగుతున్నానమ్మా. ఎలా మానేది?"

ఆ మాట నిజమే. మానడం కష్టం. చిరాకు వస్తుంది, నిద్ర పట్టదు. మొదటి రెండు మూడు వారాలే మరీ కష్టం. 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే మానే దారి చెబుతారు. ఆ ఫోనుకు డబ్బు పడదు. అంకెలు కూడబలుక్కుని ఆ నంబరు నొక్కింది కోడలే.

కోడలికి అప్పుడు అయిదో నెల. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోంది. నెత్తురు వస్తోందని ఆమె తోమడమే తగ్గించింది. అది పొరపాటు. గర్భంతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాయడం మామూలే. గార పట్టి ఉంటే ఇంకా ఎక్కువ వాస్తాయి. మెత్తని బ్రష్షుతో ఉదయం, రాత్రి తోముకోవాలి. గర్భిణులు పళ్ళ డాక్టరు దగ్గరకు పోకూడదన్న మాట తప్పు. గర్భం సంగతి ముందే చెప్పాలి, అంతే. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అనువైన కాలం. డాక్టరమ్మ కోడలి పళ్ళకు గార తీసింది. గార తీస్తే పళ్ళు వదులు కావు. పళ్ళను వదులు చేసేది గారే.

బొగ్గు, ఇటుక పొడి, కచ్చిక పంటి పైపొరను అరగదీస్తాయి. వేపపుల్ల మంచిదే. కొన మెత్తగా నమిలి తోముకోవాలి. ఫ్లోరైడు ఉన్న పేస్టు శనగగింజంత చాలు. కానీ తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే పిల్లల పళ్ళపై పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. 1937లోనే పొదిలి, దర్శి ప్రాంతాల్లో దీన్ని గుర్తించారు. ఆ చారలు తోమితే పోవు. నీళ్ళు మరిగించినా ఫ్లోరైడు పోదు. నీళ్ళే మార్చాలి.

పిల్లల సంగతి ఒకటి. ఆరో ఏట పాలపళ్ళ వెనకాల ఒక పెద్ద దంతం వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది. అందుకని దాన్నీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

అత్త ఇంటికి వచ్చాక చుట్టుపక్కల అమ్మలక్కలు చూడడానికి వచ్చారు. కోడలు టార్చి తెచ్చి అందరి అంగిళ్ళూ చూసింది. ఇద్దరికి తెల్లగా ఉంది. సోమవారం బస్సుకు వాళ్ళిద్దరూ బయలుదేరారు. దారి చూపడానికి అత్త కూడా వాళ్ళతో వెళ్ళింది.