బిడ్డ ఎక్కడ ఆగిందో చూడాలి

పిల్లలందరూ ఒకే తీరున నేర్చుకోరు. ఒకరు వినగానే పట్టేస్తారు, ఇంకొకరికి బోర్డు మీద బొమ్మ గీస్తే గానీ ఎక్కదు, మరొకరు చేత్తో ఏదైనా చేస్తుంటే తప్ప కుదురుగా కూర్చోరు. ఈ తేడాలను చూసే ‘అభ్యసన శైలులు’ అన్న ఆలోచన పుట్టింది. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1987లో మొదలుపెట్టిన ‘వార్క్’ పద్ధతికి వీటిలో ప్రచారం ఎక్కువ. చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు, చదివి రాసి నేర్చేవాళ్లు, చేసి నేర్చేవాళ్లు అని అందులో నాలుగు రకాలు. బిడ్డది ఏ రకమో కనిపెట్టి ఆ తీరులోనే పాఠం చెబితే చదువు బాగా వస్తుందన్నది దీని వెనకున్న నమ్మకం.

ఆ నమ్మకానికి ఆధారం దొరకలేదు. 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం లెక్క తీస్తే ఇలాంటి నమూనాలు 71 తేలాయి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించి, శైలిని బట్టి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన సాక్ష్యం లేదన్నారు. పిల్లలకు ఇష్టాలుండే మాట నిజమే. కానీ జిల్లాల పటం చెవితో విని నేర్చుకునేది కాదు, పద్యం నడక కంటితో పట్టుబడేది కాదు. ఏ దారిలో చెప్పాలన్నది చాలావరకు పాఠమే నిర్ణయిస్తుంది. ‘వీడు వినే రకం’ అని ముద్ర వేస్తే ఆ బిడ్డకు మిగతా దారులు మూసేసినట్టే.

బడికి ఎక్కువగా అక్కరకొచ్చేవి అభ్యసన సిద్ధాంతాలు. టెట్, డీఎస్సీ రాసేవాళ్లకు పియాజే, వైగోట్‌స్కీ, బ్రూనర్ పేర్లు కంఠతా వస్తాయి. పరీక్ష గట్టెక్కాక ఆ పేర్లు గైడుల్లోనే ఉండిపోవడం బాధాకరం, ఎందుకంటే వాటి అవసరం తరగతి గదిలో రోజూ పడుతుంది.

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో ఒక చిన్న పల్లె బడి అనుకుందాం. 42లోంచి 17 తీసేయమంటే రెండో తరగతి పిల్ల 35 అని రాసింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది. అది అజాగ్రత్త కాదు. పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలని తనకు తెలిసిన నియమాన్ని నిక్కచ్చిగా పాటించింది. పక్కన ఎర్ర సిరాతో తప్పు గుర్తు పెడితే ఆ నియమం మారదు. చీపురు పుల్లలను పదేసి కట్టలు కట్టి, నాలుగు కట్టలూ రెండు విడి పుల్లలూ చేతికిచ్చి పదిహేడు ఇవ్వమంటే, ఒక కట్ట విప్పక తప్పదని ఆ పిల్లకే తెలిసొస్తుంది. తర్వాత అవే కట్టలను పలక మీద గీతలుగా గీయించాలి, ఆఖరున అంకెల్లోకి రావాలి. చేత, బొమ్మ, గుర్తు అనే ఈ మూడు మెట్లను జెరోమ్ బ్రూనర్ 1960లలో వివరించారు. కట్ట దగ్గర తటపటాయిస్తున్నప్పుడు పక్కనున్న మూడో తరగతి అక్క ‘ఒకటి విప్పు’ అని అందిస్తే చాలు, లెక్క ముందుకు సాగుతుంది. ఈ రోజు ఒకరి సాయంతో చేసింది రేపు తానొక్కతే చేస్తుందన్నది వైగోట్‌స్కీ చెప్పిన ముఖ్యమైన మాట.

ఈ అక్క సాయం రాయలసీమకు కొత్త కాదు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 వీధి బడుల గురించి ప్రభుత్వానికి నివేదిక రాశారు. ముందున్న పిల్లలు వెనకున్న వాళ్లకు చెబుతూ తమ చదువునూ గట్టిపరచుకునే తీరును అందులో మెచ్చుకున్నారు, ఇంగ్లండ్ కూడా దాన్ని అనుకరించిందన్నారు. అర్థం తెలియకుండా వల్లెవేయించడాన్ని మాత్రం తప్పుపట్టారు. ఆ మెప్పూ, ఆ తప్పూ రెండూ ఇప్పటికీ సరిపోతాయి.

పూర్వపు చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో ఈ ఆలోచనలన్నీ ఒక పద్ధతిగా కుదిరాయి. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం పాఠ్యాంశాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకూ కార్డులు తయారు చేయించారు. మెట్ల వరుసంతా గోడ మీది నిచ్చెన పటంలో ఉంటుంది. బిడ్డ తానున్న మెట్టు చూసుకుని, కార్డు మీది బొమ్మ గుర్తును బట్టి తన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపు టీచరు దగ్గర, ఇంకొకటి తోటి పిల్లల సాయంతో, మరికొందరు ఎవరికి వారుగా పని చేసుకుంటారు. చెనక్కాయలు పీకే రోజుల్లో బడి మానిన బిడ్డ తిరిగొచ్చాక ఆగిన మెట్టు నుంచే అందుకుంటుంది. ఒకరో ఇద్దరో టీచర్లు ఐదు తరగతులూ చూసుకునే చోట ఇంతకన్నా పనికొచ్చే ఏర్పాటు అరుదు. 1995లో కర్ణాటక బడుల్లో మొదలైన ‘నలి కలి’ పద్ధతికి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధనకు రిషివ్యాలీయే స్ఫూర్తి.

నేర్చుకున్నది నిలవడం ఇంకో సంగతి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకన్నా చదివి చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఎక్కాలు అప్పజెప్పించుకునే అలవాటులో ఈ బలం ఉంది, అర్థం తెలిశాక అప్పజెప్పిస్తే మరీ మంచిది. దీనికి ట్యూషన్ అక్కర్లేదు. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే పుస్తకం మూయించి, ఈ రోజు టీచరు ఏం చెప్పారో సొంత మాటల్లో చెప్పమనండి. ఎక్కడ తడబడిందో గమనించి, ఆ సంగతి మరుసటి రోజు టీచరు చెవిన వేయండి.