వెలుగు పోగు

సోదరీమణులారా, జగిత్యాలలో కోరుట్ల బస్సు కోసం రోడ్డు దాటేటప్పుడు పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుంటాం కదా! ఆ భయం కాస్త తగ్గించే పోగొకటి కార్లలోకి వచ్చింది. సిరిసిల్ల మగ్గాల మీది పోగు బట్టవుతుంది. ఇది వెలుగును మోస్తుంది. పేరు ఆప్టికల్ ఫైబర్.

కొన్ని కార్లలో దీన్ని ముందు బంపరులో అమర్చారు. ఒక చివర చిన్న దీపం, రెండో చివర వెలుగును కొలిచే సాధనం. మనిషి తగిలితే పోగు వంగుతుంది, వెలుగు పక్కకు జారి తగ్గుతుంది. వెంటనే బానెట్ కాస్త పైకి లేస్తుంది. ఎందుకంటారా? కింద ఇంజను గట్టిది; నడుమ జాగా ఉంటే తలకు దెబ్బ తగ్గుతుంది.

రాగితీగ ఉండగా వెలుగెందుకు? మిక్సీ తిప్పితే రేడియో గరగరలాడుతుందే, అలాంటి బెడద వెలుగుకు లేదు. 2001లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. 7 సిరీస్ కారులో పాటలు కూడా ప్లాస్టిక్ పోగుల్లోనే ప్రయాణించాయి.

అయినా అమ్మా, పోగు దెబ్బను తగ్గిస్తుందే గాని కారును ఆపదు. పిల్లల చెయ్యి మాత్రం వదలకండి.